రంగు పరీక్ష చేయనిదే ఫ్లష్ ట్యాంకు రిపేరు పూర్తయినట్టు కాదు

కొత్త కిట్ వేసిన ఫ్లష్ ట్యాంకు మర్నాటికే మళ్లీ కారుతోందంటే చాలాసార్లు కొత్త సామానులో లోపం ఉండదు. బిగించిన తీరులో ఉంటుంది. అంతకు మించిన లోపం, బిగించాక పరీక్షించకుండా వదిలేయడం. వరంగల్‌లో కాజీపేట నుంచి కాశీబుగ్గ దాకా ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఒకటే. ప్లంబర్ వస్తాడు, లోపలి సామానంతా ఊడదీస్తాడు, కొత్తది పెడతాడు. బటన్ ఒకసారి నొక్కి నీళ్లు పడగానే పని అయిపోయిందంటాడు, పైసలు తీసుకుని వెళ్తాడు. ఫ్లష్ కొట్టి చూడటం పరీక్ష కాదు. నీళ్లు వదలడం ట్యాంకు పనిలో సగమే. మిగతా సగం నీళ్లను ఆపడం. దాన్ని ఎవరూ చూడకుండానే రిపేరు పూర్తయిందని అనుకుంటున్నారు. ఈ పద్ధతి పోవాలి. రంగు పరీక్ష చేసి చూపనిదే ఏ ఇంటివాళ్లూ కూలి ఇవ్వకూడదు, ఏ ప్లంబరూ అడగకూడదు.

కమోడు లోపలి గోడ మీద సన్నగా జారే నీటిపొర చూస్తే ఇంత రభస అవసరమా అనిపిస్తుంది. లెక్క వేస్తే అవసరమేనని తేలుతుంది. నిమిషానికి 100 మిల్లీలీటర్లు, అంటే ఒక చాయ్ గ్లాసుడు కారితే రోజుకు 144 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలన్నది కేంద్ర ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం. అంటే ఒక్క ఫ్లష్ ట్యాంకు ఒక మనిషి వాటా మొత్తాన్ని మింగేస్తోంది. పైగా అవి ఊరికే వచ్చిన నీళ్లు కావు. మానేరు డ్యాం నుంచి కాకతీయ కాలువ వెంట ధర్మసాగర్ దాకా వచ్చి, ఫిల్టర్ బెడ్లలో శుద్ధయి, క్లోరిన్ కలిసి, మోటార్లతో ఎత్తితే నల్లాలోకి వచ్చిన నీళ్లు. 2024 చివర్లో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేసినప్పుడు ఊరంతా ఆ సంగతే మాట్లాడుకుంది. ఇళ్లలో రాత్రింబవళ్లు పోతున్న నీళ్ల గురించి మాట్లాడేవాళ్లు లేరు, ఎందుకంటే అవి కనబడవు.

అవి పోయే చోటు కూడా చూడాలి. వరంగల్‌లో ఎక్కువ ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులే ఆధారం. సెప్టిక్ ట్యాంకు పని చేయాలంటే మురుగు అందులో కొంతకాలం కదలకుండా నిలవాలి, మడ్డి అడుక్కి చేరాలి. పై నుంచి మంచినీళ్లు ఆగకుండా వచ్చి పడుతుంటే మురుగు నిలిచే వ్యవధి తగ్గిపోతుంది, సగం కుళ్లిన మురుగే బయటి కాలువలోకి తోసుకుపోతుంది. ఆ కాలువలు నయీంనగర్ నాలాలో, బొందివాగులో కలుస్తాయి. మలవ్యర్థాల నిర్వహణకు 2016లోనే నిబంధనలు తెచ్చుకుని దేశానికి దారి చూపిన నగరం ఇది. అలాంటి నగరంలో ఒక రబ్బరు వాసరు సరిగా కూర్చోక సెప్టిక్ ట్యాంకులు చెడటం సిగ్గుచేటు.

కారుతున్న ట్యాంకును బాగుచేయాలంటే ముందు నీళ్లు ఎక్కడి నుంచి పోతున్నాయో తేల్చాలి. ట్యాంకు నిండాక మూత తీసి, బట్టలకు వాడే నీలిమందో, మిఠాయిల్లో కలిపే రంగో కొద్దిగా వేసి అరగంట పాటు ఎవరూ ఫ్లష్ కొట్టకుండా చూడాలి. కమోడులో నిలిచిన నీటికి రంగు వచ్చిందంటే నీళ్లు లోపలి నుంచే కారుతున్నాయి. రంగు రాకుండా నేల తడిసిందంటే లోపం బయటి అతుకుల్లో ఉంది. లోపలే కారుతుంటే ఇంకో మెట్టు ఉంది. గోడ దగ్గరి యాంగిల్ కాక్ కట్టేసి, నీటిమట్టం దగ్గర పెన్సిలుతో గీత గీసి వదిలేయాలి. నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టం పైఅంచు దాకా తగ్గి అక్కడే ఆగితే దోషం నీళ్లు నింపే వాల్వుది. ఇంకా దిగి అడుగు దాకా పోతే అడుగున ఫ్లష్ వాల్వు సీలు పట్టడం లేదు. నడిమధ్య ఎక్కడో ఆగితే ఆ ఎత్తులో గొట్టానికి పగులు ఉన్నట్టు. ఈ మూడు విషయాలు తెలియకుండా కిట్ మొత్తం మార్చడమంటే రోగం తెలియకుండా మందు మింగించడమే.

నింపే వాల్వు కొత్తది వేసిన చోట్ల సాధారణంగా జరిగే పొరపాటు ఫ్లోటును చాలా ఎత్తులో వదిలేయడం. నీటిమట్టం ఓవర్‌ఫ్లో గొట్టం అంచు కన్నా కనీసం ఒక అంగుళం కింద నిలవాలి. ఫ్లోటు పక్కనున్న స్క్రూను తిప్పితే చాలు. స్క్రూ తిప్పినా నీళ్లు ఆగకపోతే వాల్వులో ఇసుక చిక్కి ఉంటుంది. పైపులైను తవ్విన వారంలోనూ, మిద్దె మీది ట్యాంకు అడుగంటినప్పుడూ ఇది తప్పదు. కొత్త వాల్వుల్లో నీటిని ఆపేది పలుచటి రబ్బరు డయాఫ్రం. దాని మధ్య సూదిమొన అంత రంధ్రం ఉంటుంది. ఒక్క ఇసుక రేణువు అందులో చేరినా వాల్వు మూసుకోదు. కాక్ కట్టి, వాల్వు నెత్తి మీది టోపీ తిప్పి తీసి, పైన గ్లాసు బోర్లించి, కాక్‌ను కొద్దిగా తెరిస్తే చెత్త బయటికి వచ్చేస్తుంది. వాల్వు అడుగున ఉండే చిన్న జల్లెడను కూడా కడగాలి. బిగించేటప్పుడు అడ్డమనుకుని ఆ జల్లెడను తీసి పారేసే అలవాటు కొందరికి ఉంది. అది పోతే కొత్త వాల్వు నెల కూడా నిలవదు.

అన్నిటికన్నా ఎక్కువగా కారేది అడుగు సీలు దగ్గర. ఈ ఊళ్లో దానికి పెద్ద కారణం బోరు నీళ్లు. ఏళ్ల తరబడి ఉప్పు పేరుకున్న ట్యాంకు అడుగున, వాల్వు కూర్చునే పీఠం మీద తెల్లటి గరుకు పొర ఏర్పడుతుంది. వేలు పెట్టి చుట్టూ తిప్పితే ఇసుక కాగితంలా తగులుతుంది. కొత్త సిలికాన్ వాసరు ఎంత మెత్తనిదైనా ఆ గరుకు మీద కూర్చుంటే సందులు మిగులుతాయి, ఆ సందుల్లోంచే నీళ్లు పోతాయి. పాత వాసరు ఏళ్లుగా ఆ గరుకుకు అలవాటుపడి వంగి ఉంటుంది కాబట్టి కొంత ఆపేది. కొత్తది ఆపలేదు. పాతదే నయమనిపించడానికి కారణం ఇదే. వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ గుడ్డ తడిపి పీఠం మీద అరగంట ఉంచి, నునుపైన గుడ్డతో రుద్దితే పొర ఊడిపోతుంది. చాకుతో, బ్లేడుతో గీకకూడదు. గీత పడిన పీఠం ఇక ఏ వాసరుకూ లొంగదు. వాసరుకు గ్రీజు పూయడమూ తప్పే, దాంతో రబ్బరు ఉబ్బి వంకర పోతుంది.

పీఠం శుభ్రంగా ఉన్నా కారుతోందంటే మూత మీది బటన్ చూడాలి. రెండు బటన్ల కిట్లలో బటన్ కింద ప్లాస్టిక్ కడ్డీలు ఉంటాయి. ట్యాంకు లోతును బట్టి వాటి పొడవు సరిచేయాలి. ఆ పని వదిలేసి మూత బిగిస్తే కడ్డీ వాల్వును ఎప్పుడూ వెంట్రుకవాసి నొక్కే ఉంచుతుంది, సీలు ఎన్నడూ పూర్తిగా దిగదు. మూత తీయగానే కారడం ఆగిపోయి, పెట్టగానే మళ్లీ మొదలైతే దోషం ఇదే. నాలుగు మరలు తిప్పితే పోయే లోపానికి మూడోసారి కిట్ కొనిపించిన సందర్భాలు ఎన్నో. వాల్వును పీఠంలో పెట్టి తిప్పినప్పుడు టక్కుమని పట్టేదాకా తిప్పకపోవడం మరో లోపం.

బయట నేల తడిస్తే అతుకులు చూడాలి. ట్యాంకును కమోడుకు పట్టి ఉంచే బోల్టులకు రబ్బరు వాసరు ట్యాంకు లోపల, బోల్టు తల కిందే ఉండాలి. ఇనుప వాసరు, నట్టు బయట ఉండాలి. రెండు బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. ఒకవైపే బలంగా బిగిస్తే పింగాణీ పగులుతుంది. ప్లాస్టిక్ నట్లను చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు తిప్పితే చాలు. అక్కడ నీటిని ఆపేది మర కాదు, వాసరు. అందుకే ఆ మర మీద టెఫ్లాన్ టేపు చుట్టలు చుట్టలుగా చుట్టడం దండగ. టేపు కావలసింది గోడలోని యాంగిల్ కాక్ మరకు. ఇక కారే చోటల్లా ఎం-సీల్, తెల్ల సిమెంటు పూయడం రిపేరే కాదు. అది లోపాన్ని కప్పిపెట్టి, రేపు ఆ నట్టు విప్పాలంటే ట్యాంకునే పగలగొట్టాల్సిన గతి తెస్తుంది.

ఇంత చిన్న సంగతులు ఇంత పెద్ద నష్టంగా ఎలా మారాయో చరిత్రే చెబుతుంది. ఇది కాకతీయుల నేల. గణపతిదేవుని కాలంలో కట్టిన పాకాల చెరువుకు తూము ఉంది, మత్తడి ఉంది. నీళ్లు వదలడానికి తూము, ఎక్కువైన నీళ్లు పోవడానికి మత్తడి. ఈ రెంటినీ కనిపెట్టుకుని ఉండటానికి ఊరూరా నీరటి ఉండేవాడు. మత్తడి దూకితే ఊరందరికీ తెలిసేది. గోడకు ఎత్తులో బిగించి గొలుసు లాగే పాత ఇనుప ఫ్లష్ ట్యాంకులోనూ ఆ నీతి కనిపిస్తుంది. అందులో సైఫన్ ఉండేది. నీళ్లు వంపు దాటి ఎక్కితే తప్ప కిందికి పోయేవి కావు, సీలు అరిగి కారే ప్రశ్నే ఉండేది కాదు. మట్టం మించిన నీళ్లు గోడ బయటి గొట్టంలోంచి అందరికీ కనబడేలా పడేవి. ఇప్పటి బటన్ ట్యాంకుల్లో తూమూ మత్తడీ రెండూ కమోడులోకే తెరుచుకుంటాయి. ఏది తప్పినా నీళ్లు చప్పుడు లేకుండా మురుగులో కలుస్తాయి. దశాబ్దాల పాటు సైఫన్‌నే తప్పనిసరి చేసిన బ్రిటన్ 2001లో వాల్వు ట్యాంకులను అనుమతించింది. దేశం మొత్తం మీద ఆ ట్యాంకులు ఆదా చేయాల్సిన దానికన్నా కారి పోగొడుతున్నదే ఎక్కువైందని 2020లో లండన్‌కు నీళ్లిచ్చే థేమ్స్ వాటర్ సంస్థ నిపుణులే చెప్పారు. కనబడని కారుడును పట్టుకోవాలంటే పరీక్ష తప్ప మార్గం లేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అయినా పరీక్ష జరగడం లేదంటే, జరగకపోవడం వల్ల లాభపడేవాళ్లు ఉన్నారు. లోపం తేలితే ఒక వాసరుతో పని అయిపోతుంది, తేలకపోతే కిట్ మొత్తం అమ్ముడుపోతుంది. విడి వాసరు అడిగితే దొరకదనడం, కొలత చూడకుండా అన్నిటికీ ఇదే సరిపోతుందని చేతిలో పెట్టడం, తడిసిందన్న సాకుతో వాపసు తీసుకోకపోవడం దుకాణాల్లో మామూలైపోయింది. ప్లాస్టిక్ ఫ్లష్ ట్యాంకులకు ఐ.ఎస్. 7231 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఐఎస్ఐ ముద్ర లేని సరుకు చౌకగా వస్తోందని కొనేవాళ్లు రెండోసారి కూలిలో అంతకు రెట్టింపు కడుతున్నారు. అద్దె ఇళ్లలో మరీ అన్యాయం. నీళ్లు పోయేది కిరాయిదారు బిల్లులో, రిపేరు చేయించాల్సింది యజమాని. ఇద్దరి మధ్యా ట్యాంకు ఏళ్లకు ఏళ్లు కారుతూనే ఉంటుంది. హాస్టళ్లు, లాడ్జీలు, ఫంక్షన్ హాళ్లలో వరుసగా పది ట్యాంకులు కారుతున్నా అడిగే దిక్కు లేదు. ఇది బద్ధకం కాదు, పది మంది నీళ్లను దోచుకోవడం.

నా బోరు, నా నీళ్లు అనే వాదనకు విలువ లేదు. తాగునీటినీ భూగర్భ జలాన్నీ వృథా చేయడాన్ని నిషేధిస్తూ కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ 2020 అక్టోబరు 8నే ఉత్తర్వు ఇచ్చింది. వీధి పైపులు ఇంతకన్నా ఎక్కువ కారుతున్నాయి కదా అనేవాళ్లు రెండు చోట్లా ఆపమనాలి గానీ ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని వదిలేయమనకూడదు.

చేయాల్సిన పని పెద్దది కాదు. గ్రేటర్ వరంగల్ మహానగర పాలక సంస్థ ప్లంబర్ల పేర్లు నమోదు చేసి, రంగు పరీక్షను పనిలో భాగంగా నేర్పించాలి. ఐటీఐల్లో ప్లంబింగ్ నేర్చుకునే పిల్లలను 66 డివిజన్లకూ పంపి బడుల్లో, పబ్లిక్ టాయిలెట్లలో, హాస్టళ్లలో ఏడాదికి రెండుసార్లు తనిఖీ చేయించాలి. కారుతున్న ట్యాంకులున్న లాడ్జీకి, ఫంక్షన్ హాలుకు నోటీసు ఇవ్వాలి, బాగుచేయకపోతే నల్లా కనెక్షన్ ఆపాలి. దుకాణదారులు విడి వాసర్లు, సీళ్లు కొలతలు రాసి అమ్మాలి, పాత ముక్క తెచ్చి చూపితే సరిపోల్చి ఇవ్వాలి. అపార్ట్‌మెంట్ సంఘాలు వేసవి రాకముందే అన్ని ఫ్లాట్లలో ఒకే రాత్రి పరీక్ష పెట్టుకోవాలి. ఇల్లు మారేటప్పుడు కరెంటు మీటరు రాసుకున్నట్టే ఫ్లష్ ట్యాంకు పరీక్ష కూడా యజమాని, కిరాయిదారు కలిసి చూసుకోవాలి. ప్లంబర్లకు దీనివల్ల నష్టం లేదు. పరీక్షకు పట్టే అరగంటకు కూలి వేసి ఇవ్వడం న్యాయం, అది ఇవ్వాలి.

వరంగల్, హనుమకొండ, కాజీపేట వాసులారా, ఈ రాత్రి అందరూ పడుకున్నాక మీ ఫ్లష్ ట్యాంకులో చిటికెడు రంగు వేయండి. పొద్దున ఎవరూ ఫ్లష్ కొట్టకముందే కమోడులో చూడండి. రంగు కనిపిస్తే రేపే బాగుచేయించండి. మళ్లీ అదే పరీక్ష మీ కళ్ల ముందు చేసి చూపించాకే పైసలు ఇవ్వండి.