కమలమ్మ ఏ ఒప్పందం మీద సంతకం చేసింది?

మా నేలకొండపల్లి వాళ్ళకి రాజ్యం అంటే ముందు గుర్తొచ్చేది గోల్కొండ చెర. కంచర్ల గోపన్న మా ఊరివాడు. తానీషా పాలనలో పాల్వంచ పరగణా తహశీల్దారు. వసూలైన శిస్తుతో భద్రాచలంలో గుడి కట్టించి పన్నెండేళ్ళు ఖైదులో ఉన్నాడని కథ. ఒకవైపు పాలకుడు, మరోవైపు వ్యక్తి అంతరాత్మ. చివరికి రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు కట్టి బాకీ తీరుస్తారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మా అమ్మమ్మ చివర్లో ఒక మాట కలిపేది. "పన్నెండేండ్లు ఆ కమలమ్మ ఏం తిని బతికిందో ఏ హరిదాసూ చెప్పడు బిడ్డా!" సాహిత్యంలో డాక్టరేటు చేశాక కూడా ఇంతకంటే పదునైన ప్రశ్న నాకు దొరకలేదు.

కొన్నేళ్ళ క్రితం ఒక సెమినార్లో 'వ్యక్తి-రాజ్యం' మీద గంటన్నర ప్రసంగం విన్నాను. ప్లేటో నుంచి మిల్ దాకా అందరూ వరసగా వచ్చి వెళ్ళారు. "ఆ వ్యక్తి పెళ్ళయిన స్త్రీ అయితే?" అని అడిగాను. "అది కుటుంబం కిందికి వస్తుందమ్మా, రాజనీతి కిందికి రాదు" అన్నారు వక్త. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆయన తన శాస్త్రం సారాంశాన్నే చెప్పారు.

చూడండి. 1651లో 'లెవయతాన్' రాసిన హాబ్స్, ప్రకృతిస్థితిలో బిడ్డ మీద అధికారం తల్లిదే అంటాడు. రాజ్యం ఏర్పడగానే అది తండ్రికి పోతుంది. కారణం? రాజ్యాలు ఎక్కువగా కట్టింది తండ్రులు కాబట్టి! ఇంత నిజాయితీ తర్వాతి వాళ్ళకి లేదు. గోల్కొండ మొగలుల వశమైన 1687కి రెండేళ్ళ తర్వాత లాక్ పుస్తకం అచ్చయింది. పాలితుల సమ్మతి లేని పాలన చెల్లదన్నాడాయన. కానీ భార్యాభర్తల మాట కలవకపోతే ఆఖరిమాట మగవాడిదే, బలవంతుడూ సమర్థుడూ అతనే కాబట్టి అని అదే పుస్తకంలో రాశాడు. రాజుకి చెల్లని తర్కం మొగుడికి ఎలా చెల్లింది?

1762లో రూసో 'సామాజిక ఒడంబడిక' రాశాడు. అదే ఏడాది 'ఎమీల్'లో సోఫీని మగవాణ్ణి మెప్పించడానికే పెంచమన్నాడు. స్త్రీకీ పౌరహక్కులున్నాయని 1791లో ప్రకటన రాసిన ఒలింప్ ద గూజ్ 1793లో గిలటిన్ కింద తల పోగొట్టుకుంది. సామాజిక ఒప్పందం కింద దాగిన లైంగిక ఒప్పందాన్ని 1988లో కారోల్ పేట్‌మన్ బయటికి లాగింది. ఆ సెమినార్లో మిల్ 'ఆన్ లిబర్టీ' వినిపించింది. స్త్రీల బానిసత్వం మీద 1869లో ఆయనే అచ్చువేసిన పుస్తకం పేరు మాత్రం వినిపించలేదు.

ఇదంతా పడమటి రోగమే, మనకి అంటదు అనుకునే వాళ్ళకి మళ్ళీ రామదాసునే చూపిస్తాను. చెరలోంచి ఆయన రాముణ్ణి నగల లెక్కలు చెప్పి మరీ దులిపేస్తాడు. పాలకుణ్ణి నిలదీసే హక్కు అది. సీతమ్మని మాత్రం ఏకాంతంలో భర్తకి ఒక మాట చెప్పమంటాడు. సిఫారసు ఆమె వాటా, తీర్పు ఆయన వాటా. ఆడవాళ్ళు మెత్తదనంతోనే ఏలతారన్న రూసో మాటకీ దీనికీ ఎంత దూరం? సిఫారసు హక్కు కాదు. ఇక శిస్తు కట్టిన రైతు ఇంటి ఆడవాళ్ళకి ఆ సిఫారసు కూడా లేదు.

ఈ గోడని మన హైకోర్టులో ఒకసారి నిజంగానే కదిలించారు. 1983లో టి. సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి, హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 రాజ్యాంగ విరుద్ధమన్నారు. కాపురానికి వెళ్ళమని భార్యని కోర్టు ఆదేశించడమంటే ఆమె శరీరం మీది నిర్ణయాన్ని రాజ్యం లాక్కోవడమేనని తేల్చారు. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. రాజ్యాంగాన్ని ఇంట్లోకి తేవడం గాజుసామాన్ల కొట్లోకి ఆబోతుని తోలడమేనన్న ధోరణిలో మాట్లాడింది. 1984లో సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు సరిత తీర్పుని తోసిపుచ్చింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు చెప్పారు. అయినా 2024 జూలైలో అమల్లోకొచ్చిన న్యాయసంహితలో భర్త చేసే అత్యాచారానికి పాత మినహాయింపు అలాగే మిగిలింది.

"అయితే రాజ్యాన్ని పడకగదిలోకి పిలుస్తారా?" అని మనల్ని అడుగుతారు. 1978లో హైదరాబాద్ పోలీస్ స్టేషన్లో రమీజాబీకి జరిగింది తెలిసిన మనకి రాజ్యం మీద భ్రమలేం లేవు. కానీ మనం కొత్తగా పిలిచేదేముంది? డిక్రీ ఇచ్చి పంపేది రాజ్యమే. మినహాయింపు రాసిందీ రాజ్యమే. ఇంటికి గడప కట్టి, ఇది దాటి నేను రానని నటిస్తున్నది కూడా అదే.

కాబట్టి 'వ్యక్తి-రాజ్యం' అని రెండు మాటలతో మొదలయ్యే ప్రతి పాఠాన్నీ మధ్యలో ఆపుదాం. ఆ వ్యక్తికి అన్నం ఎవరు వండారు, అతను చెరలో ఉంటే ఇల్లు ఎవరు నడిపారు, ఆమె సమ్మతి ఎవరు అడిగారు అని నిలదీద్దాం. ఆరు లక్షల మొహరీలతో తానీషా బాకీ తీరింది. కమలమ్మ పన్నెండేళ్ళ బాకీ ఇంకా ఎవరి ఖాతాలోకీ ఎక్కలేదు.