కళ్ళ కింద ముడతలు: ఏ చికిత్స మేలు, ఏది ధర్మసమ్మతం?

ఈ నెల శీర్షికకు కడప జిల్లా నుంచి ఒక సోదరి రాసిన లేఖను ఎంచుకున్నాము. ఆమె కోరిక మేరకు పేరు, ఊరు ప్రచురించడం లేదు. లేఖ సారాంశం ఇది:

“నా వయసు 43 సంవత్సరాలు. మావారు పదకొండేళ్ళుగా కువైట్‌లో పనిచేస్తున్నారు. పెద్దమ్మాయి నికాహ్ షవ్వాల్ నెలలో ఖాయమైంది. అందుకోసం ఆయన వస్తున్నారు. నేను ఇంటివద్ద బట్టలు కుడతాను. ఇటీవల వీడియోలో మాట్లాడుతూ ఆయన, ‘కళ్ళ కింద ఆ ముడతలేమిటి, ముసలిదానివైపోయావే’ అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పట్టణంలో ఒక సౌందర్య చికిత్సాలయానికి వెళ్ళాను. సూది మందు మూడు విడతలు వేయించుకుంటే ముడతలు పోతాయని, డబ్బు వాయిదాలలో కట్టవచ్చునని చెప్పారు. వాయిదాలు ఇష్టం లేక, మహర్‌గా వచ్చిన రెండు గాజులు అమ్మాలనుకుంటున్నాను. పిల్లలకు చెప్పలేదు. ఇది పాపమా? పాపం కాకపోతే ఏ చికిత్స మంచిది?”

సోదరీ, అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహూ. భర్త కళ్ళకు అందంగా కనిపించాలని కోరుకోవడం పాపం కాదు. అల్లాహ్ తన దాసుల కోసం సృష్టించిన అలంకరణను నిషేధించే అధికారం ఎవరికీ లేదని దివ్య ఖుర్ఆన్ ఆరాఫ్ సూరాలోని 32వ ఆయతు మనకు బోధిస్తోంది. కనుక మీ కోరికకు సిగ్గుపడకండి. అయితే కోరిక ధర్మసమ్మతమైనంత మాత్రాన దానిని తీర్చే ప్రతి మార్గమూ ధర్మసమ్మతం కాజాలదు. అందుచేత ముందుగా ముడతల సంగతి, తర్వాత ధర్మం సంగతి, చివరగా మీ గాజుల సంగతి చూద్దాం.

ముడతలు ఎందుకు వస్తాయి?

మన శరీరంలో అతి పలుచని చర్మం కంటి చుట్టూ ఉన్నదే. అక్కడ చమురు గ్రంథులు తక్కువ, కింద కొవ్వు పొర కూడా స్వల్పం. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ వయసుతో పాటు తగ్గుతుంది. ఎండ ఆ తగ్గుదలను వేగిరపరుస్తుంది. పొగాకు మరింత వేగిరపరుస్తుంది. కళ్ళు నులుముకునే అలవాటు, నిద్రలేమి దీనికి తోడవుతాయి.

మీ లేఖలో మీరు యథాలాపంగా రాసిన ఒక మాట దగ్గర మేము ఆగిపోయాము. మీరు బట్టలు కుడతారు. నలభై దాటిన తర్వాత దగ్గరి చూపు మందగించడం దాదాపు అందరికీ జరిగేదే. సూదిలో దారం ఎక్కించడానికి, సన్నని కుట్టు చూడడానికి కళ్ళు చికిలించవలసి వస్తుంది. రోజూ గంటల తరబడి చికిలిస్తే కంటి కొసలలోను, కంటి కింద గీతలు లోతు కావడంలో ఆశ్చర్యం లేదు. మీరు కళ్ళద్దాలు వాడుతున్నారో లేదో రాయలేదు. వాడకపోతే, ఏ చికిత్సాలయానికీ వెళ్ళకముందు కంటి వైద్యురాలి వద్దకు వెళ్ళండి. దగ్గరి చూపు అద్దాలకు, కుట్టు మిషను మీద మంచి దీపానికి అయ్యే ఖర్చు మీ గాజుల విలువలో ఎన్నో వంతూ కాదు. మూలం అలాగే ఉండగా పైపైన ముడతను సవరిస్తే అది తిరిగి వచ్చి తీరుతుంది.

మరొక జాగ్రత్త. కళ్ళ కింద ముడతలతో పాటు ఉదయం వాపు కూడా కనిపిస్తుంటే థైరాయిడ్, మూత్రపిండాల పరీక్ష చేయించడం అవసరం. పాలిపోయిన ముఖం, ఆయాసం ఉంటే రక్తహీనతను కూడా చూడాలి. ఇవి అందానికి సంబంధించిన విషయాలు కావు, ఆరోగ్యానికి సంబంధించినవి.

ధర్మం ఏమంటోంది?

వార్ధక్యానికి తప్ప అల్లాహ్ మందు దించని రోగం లేదని దైవప్రవక్త (స) తెలియజేసినట్లు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. ఈ ఒక్క హదీసులోనే రెండు పాఠాలున్నాయి. చికిత్స చేయించుకోవాలి. ముసలితనం మాత్రం రోగం కాదని, దానితో పోరాడి గెలవలేమని గ్రహించాలి.

ధర్మవేత్తలు ఈ విషయాన్ని మూడు భాగాలుగా చూస్తారు.

మొదటిది లోపాన్ని సరిచేసే చికిత్స. హజ్రత్ అర్ఫజా (రజి) ముక్కు ఒక యుద్ధంలో తెగిపోయింది. వెండితో చేయించుకున్న ముక్కు దుర్వాసన కొట్టగా, పురుషులకు బంగారం నిషిద్ధమైనప్పటికీ బంగారు ముక్కు పెట్టించుకోమని ప్రవక్త (స) ఆయనకు అనుమతినిచ్చారు. కాలిన గాయం, ప్రమాదపు మచ్చ, చూపుకు అడ్డుపడేంతగా జారిన కనురెప్ప మొదలైన వాటికి శస్త్రచికిత్స ఈ కోవలోకి వస్తుంది.

రెండవది సంరక్షణ. నూనె, లేపనం, సుర్మా, గోరింటాకు వంటివి ఇందులోకి వస్తాయి. ఇవి సృష్టిని మార్చవు, ఉన్నదానిని కాపాడుతాయి. అపరిశుద్ధమైన పదార్థం, హాని లేనంతవరకు వీటికి అభ్యంతరం లేదు.

మూడవది కేవలం అందం కోసం దేహాన్ని మార్చడం. పచ్చబొట్టు పొడిచేవారిని, పొడిపించుకునేవారిని, అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకునేవారిని అల్లాహ్ సృష్టిని మార్చేవారుగా పేర్కొంటూ శపించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) ద్వారా ఉల్లేఖితమైంది. ఆ కాలంలో వయసు మళ్ళిన స్త్రీలు చిన్నవారిగా కనిపించడానికి పళ్ళను అలా అరగదీయించుకునేవారని ఇమామ్ నవవీ వివరించారు. మన నేటి ప్రశ్నకు ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి.

2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ సౌందర్య శస్త్రచికిత్సలపై తీర్మానం చేసింది. రోగం వల్ల ఏర్పడినవి కానంతవరకు ముడతలను శస్త్రచికిత్సతో గాని, సూదిమందుతో గాని తొలగించుకోవడం సమ్మతం కాదని అందులో పేర్కొంది. ముడతను సవరించడం సృష్టిని మార్చడం కాదని, హాని, మోసం, అపరిశుద్ధ పదార్థం లేకుండా భర్త కోసం చేయించుకుంటే అనుమతి ఉందని భావించే సమకాలీన ధర్మవేత్తలు కూడా కొందరున్నారు. అభిప్రాయభేదం ఉన్నచోట సందేహాస్పదమైన దానికి దూరంగా ఉండడమే సురక్షితమని మా సలహా. పెండ్లి సంబంధం కోసం వయసు దాచే ఉద్దేశంతో చేయించుకునేదైతే అది మోసమే అవుతుంది, అందులో సందేహం లేదు.

ఏ చికిత్స ఏమి చేస్తుంది?

బొటాక్స్: ఒక సూక్ష్మజీవి ఉత్పత్తి చేసే విషాన్ని అత్యల్ప మోతాదులో ఇచ్చి కండరాన్ని సడలిస్తారు. మూడు, నాలుగు నెలలకు దాని ప్రభావం తగ్గిపోతుంది. అంటే మీ గాజులు ఒకసారి అమ్మితే చాలదు. ఈ పేరుతో దొరికే అసలు మందులో మానవ రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ ఉంటుంది. కంటి కొసల గీతలకు ఇది పనిచేస్తుంది గాని, కంటికి సరిగ్గా కింద వేస్తే రెప్ప వదులుగా జారే ప్రమాదం ఉంది.

ఫిల్లర్లు: హయలురోనిక్ ఆమ్లంతో గుంతను నింపుతారు. ముడత కంటే గుంతకే ఇది ఉపకరిస్తుంది. పొరపాటున రక్తనాళంలోకి వెళితే చర్మం చచ్చుబడవచ్చు, చూపు కూడా పోవచ్చు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే దీనిపై హెచ్చరిక జారీ చేసింది. ఇది అరుదు. కాని పోయిన చూపు తిరిగి రావడం మరింత అరుదు.

లేజరు, రసాయన పూత: పై పొరను తొలగించి కొత్త చర్మం పుట్టేలా చేస్తారు. మన చామనఛాయ, నల్లని చర్మాలకు దీనివల్ల నల్లమచ్చలు ఏర్పడే అవకాశం ఎక్కువ. ముడత పోయి మచ్చ మిగిలిన సందర్భాలు లేకపోలేదు.

సొంత రక్తపు చికిత్స: రక్తం తీసి, యంత్రంలో తిప్పి, అందులో ఒక భాగాన్ని తిరిగి ఎక్కిస్తారు. చికిత్సావసరానికి రక్తమార్పిడిని అనుమతించిన ధర్మవేత్తలు అలంకారానికి అదే సడలింపు ఇవ్వడంలో ఏకాభిప్రాయంతో లేరు. వైద్యపరంగా కూడా ముడతల విషయంలో దీని ఫలితం నిలకడైనది కాదు.

రెటినాయిడ్ లేపనం: వైద్యుల చీటీపై లభించే ట్రెటినాయిన్ చర్మంలో కొల్లాజెన్‌ను పెంచుతుంది. వారానికి రెండు రాత్రులు, బియ్యపు గింజంత, రెప్పకు తగలకుండా కంటి కింది ఎముక మీద మాత్రమే రాయాలి. మొదట పొట్టు రాలుతుంది. మూడు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి. గర్భిణులు, గర్భం ఆశిస్తున్నవారు వాడరాదు. పగటిపూట ఎస్.పి.ఎఫ్. 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ తప్పనిసరి. చర్మంలో ఇంకిపోయే లేపనం వుజూకు అడ్డు కాదు. నీరు చేరనివ్వని పొరగా నిలిచేదైతే దానిని కడిగి వుజూ చేయాలి.

వీటికంటే ముందు మానవలసినవి కొన్ని ఉన్నాయి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టీరాయిడ్ లేపనాలు తొలివారంలో ముఖాన్ని నిగనిగలాడిస్తాయి, తర్వాత చర్మాన్ని ఇంకా పలుచబరుస్తాయి. కంటి దగ్గర ఎక్కువకాలం వాడితే నీటికాసులు, శుక్లాలు రావచ్చు. గల్ఫ్ నుంచి బంధువులు తెచ్చే పేరులేని తెలుపు క్రీములలో పాదరసం ఉండవచ్చు. 2023లో కేరళలోని మలప్పురంలో ఇటువంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చినట్లు వైద్యులు గుర్తించారు. సుర్మా విషయంలోనూ జాగ్రత్త అవసరం. ప్రవక్త (స) మెచ్చినది ఇస్మిద్ రాయి. బజారులో ఆ పేరుతో అమ్మే వాటిలో చాలావరకు సీసపు ఖనిజం కలుస్తోంది. నిమ్మరసం కంటి కింద రాయకండి, మంట తప్ప మేలు లేదు. రాత్రి ఒక చుక్క బాదం నూనె మృదువుగా అద్దుకుంటే చర్మం మెత్తబడుతుంది. ముడత మాత్రం పోదు.

ఇంత చెప్పినా, ధర్మవేత్తను సంప్రదించి, అనుమతిచ్చిన అభిప్రాయం వైపే మొగ్గి సూదిమందుకు సిద్ధపడే సోదరీమణులు ఉండవచ్చు. వారు కనీసం ఈ జాగ్రత్తలు పాటించాలి. అందాలయాలలో సూది వేయించుకోకూడదు. చర్మవ్యాధులలో ఎం.డి. చేసి, వైద్య మండలిలో నమోదైన డాక్టరునే ఆశ్రయించాలి. మహిళా వైద్యురాలైతే మరీ మంచిది. మందు పేరు, అందులోని పదార్థాలు, గడువు తేదీ చూపమనాలి. చికిత్సకు ముందు, తర్వాత తీసే ఫొటోలను ప్రకటనలకు వాడబోమని రాయించుకోవాలి. బొటాక్స్ తర్వాత సుమారు నాలుగు గంటలు తల వంచవద్దని, ముఖం రుద్దవద్దని చెబుతారు. కనుక ఉదయం తొమ్మిదిలోపే వేయించుకుంటే జుహ్ర్ నమాజు సజ్దాకు ఇబ్బంది ఉండదు. వడ్డీ వాయిదాల జోలికి మాత్రం ఎంతటి అవసరమున్నా పోరాదు. ఈ విషయంలో మీరు ముందే సరైన నిర్ణయం తీసుకున్నారు.

ఇక గాజుల సంగతి

మహర్ మీ సొంత ఆస్తి. దానిని ఎలా ఖర్చు పెట్టాలో నిర్ణయించే హక్కు మీదే. ఎవరి అనుమతీ అక్కరలేదు. అయినా సోదరిగా ఒక మాట. నాలుగు నెలలు నిలిచే నునుపు కోసం, జీవితాంతం మీకు ఆసరాగా ఉండవలసిన బంగారాన్ని అమ్మకండి. కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్, వైద్యురాలు సరేనంటే ట్రెటినాయిన్, రాత్రి పదిన్నర కల్లా మిషను ఆపి పడుకోవడం. ఈ నాలుగూ నేటినుంచే మొదలుపెట్టండి. షవ్వాల్ నాటికి ముడతలు మాయమవుతాయని మేము చెప్పం. ముఖం తేటపడుతుందని మాత్రం ఆశించవచ్చు.

ఈ పత్రిక చదివే భర్తలకు కూడా ఒక విన్నపం. భార్య తన కోసం అలంకరించుకోవాలని కోరుకున్నట్లే తాను కూడా ఆమె కోసం అలంకరించుకోవడం తనకు ఇష్టమని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) అనేవారు. హజ్రత్ ఖదీజా (రజి) మరణించిన చాలా ఏళ్ళకు, ఆ పళ్ళూడిన వృద్ధురాలిని ఇంకా తలచుకుంటారెందుకని హజ్రత్ ఆయిషా (రజి) అడిగినప్పుడు, అంతకంటే మేలైన భార్యను అల్లాహ్ తనకివ్వలేదని, అందరూ తిరస్కరించిన వేళ ఆమె తనను విశ్వసించిందని ప్రవక్త (స) బదులిచ్చిన సంగతి ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఆయన గుర్తుంచుకున్నది ఆమె ముఖాన్ని కాదు, తోడ్పాటును. పదకొండేళ్ళు ఒంటరిగా పిల్లలను పెంచి, అర్ధరాత్రి దాకా బట్టలు కుట్టిన కళ్ళ కింద గీతలుంటే, వాటిలో సగం ఇంటాయన ఖాతాలోనివే. నవ్వులాటకు అన్న మాట కూడా సముద్రం దాటి వచ్చేసరికి బరువెక్కుతుంది.

సోదరీ, ఆయన వచ్చేలోపు ఒకరోజు ఫోనులోనే ఈ సంగతి చెప్పండి. ఆ మాట మిమ్మల్ని నొప్పించిందని చెప్పండి. గాజులు అమ్మాలనుకున్నారని కూడా చెప్పండి. దాచిపెట్టిన బాధ కంటే చెప్పుకున్న బాధ త్వరగా మానుతుంది. బలహీనత నుంచి బలాన్ని, బలం నుంచి తిరిగి బలహీనతను, నెరసిన జుట్టును ఇచ్చేది అల్లాహ్ యేనని రూమ్ సూరా గుర్తుచేస్తోంది. ఆయన ముఖాలను కాక హృదయాలను, ఆచరణను చూస్తాడు. మీ అమ్మాయి నికాహ్ నాడు ఆ రెండు గాజులూ మీ చేతులకే ఉండాలని, మీ దాంపత్యంలో అల్లాహ్ ప్రేమను, కరుణను పెంపొందించాలని ప్రార్థిస్తున్నాము. ఆమీన్.