2009 వరదలో లొకేషన్ షేరింగా?

రాయలసీమ నుంచి ఈమధ్య కథలు బాగానే వస్తున్నాయి, సంతోషమే. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచిన రోజు మీద రాయాలనుకునే కుర్రాళ్లు కూడా ఉన్నారు. రాయాల్సిందే. కానీ మిద్దె మీద చిక్కుకున్న హీరో వాట్సాప్‌లో లొకేషన్ పంపితే మాత్రం నేను అక్కడే ఆగిపోతాను. వాట్సాప్ అమెరికాలో పుట్టిందే ఆ ఏడాది. కర్నూలు వన్‌టౌన్ మిద్దెల మీదికి అది అప్పటికింకా ఎక్కలేదు.

ఈ మాటంటే ఒక మిత్రుడు నవ్వాడు. "భావం చూడు బాస్, నువ్వేమన్నా టెస్టింగ్ టీమా?" అని.

భావమే చూస్తున్నా. ఆ రోజు కరెంటు పోయింది, సెల్లులో ఛార్జింగ్ అయిపోయింది, పక్క వీధిలో అత్తగారింట్లో ఎవరున్నారో ఎవరు లేరో తెలిసే దారి లేదు. ఆ తెలియకపోవడమే కథ. దానికి సరిగ్గా నెల ముందు, సెప్టెంబర్ 2న, ముఖ్యమంత్రి వై.ఎస్. హెలికాప్టర్ నల్లమల మీద కనిపించకుండా పోయింది. పావురాలగుట్ట దగ్గర జాడ దొరికింది మర్నాడు పొద్దున. ఆ రాత్రంతా జనం టీవీల ముందు కూర్చున్నారు. ఆ నిరీక్షణను ఇప్పటి ఫోన్‌తో రాస్తే ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక్కడ పోయేది కాలం ఒక్కటే కాదు, భాష కూడా. దీన్నెవరూ పట్టించుకోరు. ఎస్టీడీ బూత్‌లో ఎర్రంకెల మీటర్ తిరుగుతుంటే, బూత్ యజమాని చెవులు రిక్కించి కూర్చుంటే, ప్రొద్దుటూరు అమ్మాయి ప్రియుడితో పేరాలు పేరాలు మాట్లాడదు. "ఊఁ", "చెప్తాలే", "అమ్మ బాగుండాది" అంటుంది. అసలు సంగతి ఆ "ఊఁ"లో ఉంటుంది. తొంభైల్లో పావు ఛార్జీ కోసం రాత్రి పదకొండు దాటేదాకా బూత్ ముందు క్యూ కట్టేవాళ్లు. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యేదాకా సెల్లు ఎత్తినవాడికీ డబ్బులు పడేవి. 2001లో నంద్యాల కుర్రాడు సెల్లులో రెండు గంటలు ప్రేమ కబుర్లు చెప్పాడంటే, ముందు వాళ్ల నాన్న ఏం వ్యాపారం చేస్తాడో రాయండి.

అప్పుడు "మొబైల్" అన్నవాళ్లు తక్కువ. సెల్లు. "సెల్లు కొట్టు", "బ్యాలెన్స్ ల్యాదు, మిస్డ్ కాల్ ఇస్తా". మెసేజ్ అంటే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, అది కూడా 160 అక్షరాలకు కుదించి. 2009 నాటి మామూలు ఫోన్‌లో అచ్చ తెలుగు లిపిలో కవితలాంటి ఎస్సెమ్మెస్ వచ్చిందని రాస్తే, ఎక్కువ ఫోన్లలో అది వరసగా డబ్బాల్లాగే కనిపించేదని గుర్తుంచుకోండి. నిజానికి ఆ డబ్బాలే మంచి కథ.

ఊళ్ల పేర్లదీ ఇదే తంతు. 2009 మనిషి "నంద్యాల జిల్లా" అనడు, అది 2022లో వచ్చింది. కడప జిల్లాకు వైఎస్సార్ పేరు పెట్టింది 2010లో. గ్రామ సచివాలయానికి పోయి కాగితం తెచ్చుకున్నాడంటే వాడు 2019 తర్వాతివాడు.

యాస సంగతి చెప్పనక్కర్లేదు. సినిమాల పుణ్యమా అని సీమ మొత్తానికీ ఒకటే అరుపు. ఆదోని వైపు తెలుగులో కన్నడం కలుస్తుంది, కర్నూలు వన్‌టౌన్‌లో ఉర్దూ. కడప మనిషి "ఏం జేస్తాండావ్" అని మెత్తగా కూడా అనగలడు. అన్నట్టు, మన కథల్లో వేటకొడవలి వర్ణన మాత్రం ఎప్పుడూ తప్పు పోదు, ఎందుకో!

పాతికేళ్ల కుర్రాళ్లకు ఇవన్నీ ఎలా తెలుస్తాయని అడుగుతారు. 1850 గురించి రాసేవాడు లైబ్రరీకి వెళ్లాలి. 2005 గురించి రాసేవాడు వంటింట్లోకి వెళ్తే చాలు. ఒక రింగుకి అర్థమేంది, రెండు రింగులకి అర్థమేంది అని మీ చిన్నమ్మను అడగండి. చెప్పేటప్పుడు ఆమె ఎవరి పేరు దాటేస్తుందో కూడా చూడండి.