బండి తాళం కన్నా ముందు పాఠం అందాలి

తెలంగాణ ప్రభుత్వ రవాణా శాఖ మంత్రివర్యులకు,
పాఠశాల విద్య, ఇంటర్మీడియట్ విద్య ఉన్నతాధికారులకు,

విషయం: తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు వరకు విద్యార్థులకు వాహన చోదన, రహదారి విద్య నేర్పించాలని వినతి.

అయ్యా,

మేము హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ ఉన్న ఊళ్లవాళ్లం. మా పిల్లలు నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేటల్లో చదువుకుంటున్నారు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి మా ఊళ్లలో చాలామంది మగపిల్లలకు బండి నడపడం వచ్చేసి ఉంటుంది. పొలానికి సద్ది తీసుకెళ్లడానికో, కేంద్రంలో పాలు పోసి రావడానికో ఇంట్లోవాళ్లమే ఎక్సెల్ బండి ఇచ్చి పంపుతాం. ఏడాది తిరిగేలోగా అదే పిల్లవాడు నాన్న బైకు మీద, వెనక ఇద్దరు స్నేహితులను ఎక్కించుకుని హైవే దాటుతుంటాడు. పొలం బాటకూ నాలుగు వరుసల రోడ్డుకూ మధ్య వాడికి ఎవరూ ఒక్క పాఠమైనా చెప్పలేదు.

చట్టం ఏమంటుందో మాకు తెలుసు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనిదే బండి నడపరాదు. 16 ఏళ్లు నిండినవారికి తల్లిదండ్రుల సమ్మతితో 50 సీసీ లోపు గేర్లు లేని బండికి మాత్రమే లైసెన్సు ఇస్తారు. అలాంటి బండ్లు ఇప్పుడు షోరూముల్లో దాదాపు కనబడవు. 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షను కింద పిల్లలు నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఈ శిక్షలు ఉండాల్సిందే, తగ్గించమని మేము అడగడం లేదు. ఇంత కఠినమైన చట్టం ఉందని మా పిల్లలకు తెలిసేది పోలీసులు బండి ఆపిన రోజునే. అదే మా బాధ.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 50,029 మంది హెల్మెట్ లేనివారు. ఇంత ప్రాణనష్టం మీద బడిలో జరుగుతున్నదల్లా జనవరిలో రహదారి భద్రత పేరిట ఒక ర్యాలీ, ఒక ప్రతిజ్ఞ, వ్యాసరచన పోటీ. మర్నాటి నుంచి మళ్లీ మామూలే.

అందుకని మొట్టమొదట మేము కోరేది రహదారి విద్యకు వారంలో ఒక పీరియడు. కొత్త పాఠ్యపుస్తకం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడక్కర్లేదు. తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో గమనం, గమన నియమాలు ఇప్పటికే ఉన్నాయి. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుందని ఆ సమీకరణాలతోనే చూపించవచ్చు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నవాడు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు నొక్కడానికి ఒక్క సెకను పట్టినా, ఆ సెకనులోనే బండి పదహారు మీటర్లు దాటిపోతుంది. పిల్లలు ఆ దూరాన్ని బడి ఆవరణలో టేపుతో కొలిచి, సున్నంతో గీత గీసి చూడాలి. పదో తరగతిలో మానవుని కన్ను పాఠం ఉంది. ఎదుటి లారీ హైబీమ్ కళ్లలో పడ్డప్పుడు రోడ్డు ఎందుకు కనబడదో అక్కడే చెప్పవచ్చు.

పాఠం మా రోడ్లను చూసి తయారు కావాలి. నగరంలో జీబ్రా క్రాసింగ్, సిగ్నల్ నేర్పితే సరిపోతుందేమో కానీ, మా దగ్గర వరి కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. చీకట్లో వెనక రిఫ్లెక్టరు లేని ట్రాక్టరు ట్రాలీ నిలిచి ఉంటుంది. యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల ఉండడంతో పెద్దవాళ్లే రాంగ్ రూట్‌లో వస్తారు, పిల్లలు వాళ్లను చూసే నేర్చుకుంటారు. లారీ పక్కన ఎక్కడ నిలబడితే డ్రైవరుకు కనబడమో పాదచారికీ తెలియాలి, సైకిలు తొక్కే ఆడపిల్లకూ తెలియాలి. ప్రమాదం జరిగితే 108కి ఫోన్ చేయడం, గాయపడినవారికి సాయం చేసినవారికి 134ఎ సెక్షను రక్షణ ఇస్తుందన్న సంగతి కూడా ఇందులో ఉండాలి.

పిల్లలకు బండి నేర్పితే ఇంకా చిన్నప్పుడే రోడ్డెక్కుతారు కదా అని మీరు అడగవచ్చు. అది కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్టేట్ కాలేజ్ ఊరి హైస్కూల్లో 1934లోనే ఏమస్ నైహార్ట్ అనే ఆచార్యుడు డ్రైవింగ్ తరగతులు మొదలుపెట్టారు. తర్వాత అవి దేశమంతా పాకాయి. అయితే జార్జియాలోని డికాల్బ్ కౌంటీలో పెద్ద ఎత్తున జరిగిన పరిశీలనలో ప్రమాదాలు ఆశించినంత తగ్గలేదు. చిన్న వయసులోనే లైసెన్సు చేతికి రావడం వల్ల ఆ మేలు హరించుకుపోయిందన్నది దాన్నుంచి తేలిన ముఖ్యమైన హెచ్చరిక. న్యూజిలాండ్ 1987లో మరో దారి పట్టింది: కొత్త డ్రైవరుకు రాత్రి ప్రయాణం మీదా, తోటివారిని ఎక్కించుకోవడం మీదా మొదట ఆంక్షలు పెట్టి, అనుభవం పెరిగేకొద్దీ సడలించింది. కాబట్టి 18 ఏళ్ల హద్దును ఒక్క రోజు కూడా ముందుకు జరపవద్దని మేమే కోరుతున్నాం. పదో తరగతి వరకు బండి ముట్టనివ్వకుండా ప్రమాదాన్ని పసిగట్టడం నేర్పండి. ఇంటర్ రెండో ఏడులో లెర్నర్ లైసెన్సు పరీక్షకు కావలసిన పాఠం పూర్తి చేయించి, 18 నిండినవారికి ఆ పరీక్ష కళాశాలలోనే పెట్టించండి. కేరళ రవాణా శాఖ 2022లో ప్లస్ టూ పిల్లల కోసం ఇలాంటి పాఠ్యపుస్తకం సిద్ధం చేసి విద్యాశాఖకు అందించింది.

ఈ పనిని వ్యాయామ ఉపాధ్యాయుడి మీద వేసి వదిలేయవద్దు. వాహన తనిఖీ అధికారులు నెలకు ఒక్కసారైనా బడికి రావాలి. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో ఉన్న డ్రైవింగ్ శిక్షణ సంస్థలో ప్రతి మండలం నుంచి ఇద్దరు ఉపాధ్యాయులకు వేసవిలో శిక్షణ ఇప్పించవచ్చు. తల్లిదండ్రులను కూడా పిలిపించి కూర్చోబెట్టండి. తాళం ఇచ్చేది మేమే కదా.

చివరగా అడిగేది పాఠం కాదు, బస్సు. సాయంత్రం కళాశాల వదిలే వేళకు మా ఊళ్లకు బస్సు లేకపోవడం వల్లే చాలామంది తండ్రులు భయపడుతూనే బైకు ఇస్తున్నారు. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు ప్రయాణం ఉచితమైంది, సంతోషమే. కానీ ఉన్న ఒక్క బస్సు కిక్కిరిసి పోతుంటే మగపిల్లవాడు బండే అడుగుతాడు. కళాశాలల వేళలను డిపో మేనేజర్లకు పంపించి, ఉదయం, సాయంత్రం ఒక్కో అదనపు ట్రిప్పు నడిపించండి. బండి ఇవ్వవద్దని మీరు చెప్పే మాటను అప్పుడే మేము ఇంట్లో గట్టిగా చెప్పగలం.

జూన్‌లో బడులు తెరిచేలోగా రవాణా, విద్య, ఆర్టీసీ అధికారులతో ఒక సమావేశం ఏర్పాటు చేసి, మా మండలాల నుంచి తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను, ఇద్దరు ముగ్గురు విద్యార్థులను అందులోకి పిలవాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
65వ జాతీయ రహదారి వెంట ఉన్న ఉన్నత పాఠశాలలు, జూనియర్ కళాశాలల విద్యార్థుల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు