చిరునామాలో ఇల్లాలెక్కడ?

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఇప్పుడు కాలం మారింది. ముందు కరెంటు బిల్లు చూస్తున్నారు, తర్వాత ఆధార్ కార్డు చూస్తున్నారు, ఆ రెండూ కలిస్తేనే ఇల్లాలి వంక చూస్తున్నారు. కలవలేదో, తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డ మనిషి ఆ ఇంట్లో ఉన్నట్టు లెక్కే కాదు!

ఇంటికి ఇంటర్నెట్ కేబుల్ పెట్టించుకోబోయిన ఆడవాళ్ళలో చాలామందికి ఇది అనుభవమే. ఇదీ ఒక సమస్యేనా అని కొట్టిపారేయకండి. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు అది ఆఫీసుల సరుకు. 2020లో కరోనా వచ్చి బళ్ళు మూతపడ్డాక అది వంటింట్లో గ్యాసులాంటిదైంది. పిల్లల పాఠాలు, అత్తగారి రిపోర్టులు, అమెరికాలో ఉన్న కొడుకు ముఖం, ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం అన్నీ ఆ సన్నటి తీగ మీదే నడుస్తున్నాయి. అది గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా ఆగిపోతే ఎక్కువ నష్టం ఇంటిపట్టున ఉండేవాళ్ళకే.

మా సంగతే చెబుతాను. రాజమండ్రిలో మేముంటున్న అపార్ట్‌మెంటును ఒక పాత పెంకుటిల్లు పడగొట్టి కట్టారు. ఆ ఇంటి వాకిలి ముందు వీధిలో ఉండేది, డోర్ నంబరూ ఆ వీధిదే. బిల్డరు గేటును వెనక వీధిలోకి తిప్పాడు. నంబరు మాత్రం ముందు వీధిలోనే ఉండిపోయింది! దాని చివర ఒక గీత గీసి, ఫ్లాటుకో అంకె తగిలించారు.

కనెక్షన్ కోసం దరఖాస్తు పెడితే "మీ ఏరియాలో మా లైను ఉందండీ, రెండు రోజుల్లో పెట్టేస్తారు" అని ఫోనులో అమ్మాయి తియ్యగా చెప్పింది. మొదటిసారి వచ్చిన కుర్రాడు ముందు వీధంతా గాలించి, అలాంటి ఇల్లే లేదని రాసుకుని వెళ్ళిపోయాడు. రెండోసారి మ్యాపు పట్టుకుని మా అపార్ట్‌మెంటు పేరే ఉన్న ఇంకో అపార్ట్‌మెంటుకు వెళ్ళాడు. దేవుళ్ళ పేర్లు పెట్టిన అపార్ట్‌మెంట్లు మా ఊళ్ళో వీధికొకటి ఉంటే అతను మాత్రం ఏం చేస్తాడు? మూడోసారి సరిగ్గా మా గుమ్మంలోకే వచ్చాడు. భుజాన తీగ చుట్ట, చేతిలో డబ్బా. హమ్మయ్య అనుకున్నాను. "కాగితాలు చూపించండమ్మా" అన్నాడు.

కరెంటు బిల్లు మావారి పేర ఉంది. ఇంటిపన్ను రసీదు మామగారి పేర ఉంది. ఈ అడ్రసుకు నా పేర వచ్చే కాగితం ఏదైనా ఉందా అంటే, వారపత్రిక చందా రసీదు ఒక్కటే! "సార్ ఉన్నప్పుడు వస్తానండీ" అని కుర్రాడు చుట్ట మళ్ళీ భుజాన వేసుకున్నాడు. చివరికి మావారు ఆఫీసులోంచి ఓటీపీ అంకెలు చదివి చెబితేగానీ మా గోడకు చిల్లు పడలేదు.

కుర్రాడిని తప్పుపట్టడానికేం లేదు. ఈ చిక్కు వెనకాల చాలా సంగతులున్నాయి.

మన జిల్లాల సంగతే చూడండి. 2015లో రాజమండ్రి పేరు అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. కాగితాల్లో కొన్నిటి మీద పాత పేరుంది, కొన్నిటి మీద కొత్త పేరుంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. ఎన్నో ఏళ్ళు తూర్పు గోదావరికి ముఖ్యపట్టణంగా ఉన్న కాకినాడ తనే ఒక జిల్లా అయింది. అమలాపురం కోనసీమ జిల్లాకు వెళ్ళింది. పడమటి గట్టున ఉన్న కొవ్వూరు తూర్పు గోదావరిలోకి వచ్చి చేరింది! కొవ్వూరు పిన్ కోడ్ మాత్రం మునుపటిలాగే 534తో మొదలవుతుంది, రాజమండ్రిది 533తో. 1972 ఆగస్టు 15న వచ్చిన ఈ ఆరంకెల పిన్‌లో మొదటి మూడూ తపాలా సార్టింగు కోసం, చివరి మూడూ పోస్టాఫీసు కోసం. జిల్లా గీతలు మారినంత మాత్రాన అది మారదు. పోస్ట్‌మన్‌కు ఈ సంగతి తెలుసు. కంప్యూటర్లో దరఖాస్తు ఫారం తయారుచేసినవాడికి తెలియకపోతే జిల్లా గడిలో ఒకటి, కార్డు మీద ఇంకొకటి. "అడ్రసు సరిపోలలేదు" అని ఎర్రక్షరాలు!

దానికి తోడు పేటల పేర్లు. ఇన్నీసుపేటను ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. మనిషి చదివితే అన్నీ ఒకటే. యంత్రం చదివితే ఒక్కోటి ఒక్కో ఊరు.

మా ఇంట్లో జరిగింది నవ్వుకుని వదిలేయదగ్గదే. అందరికీ అలా కాదు. మా పై అంతస్తులో అద్దెకుంటున్న అమ్మాయి భర్త గల్ఫ్‌లో ఉంటాడు. ఈమె ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ, హైదరాబాదు కంపెనీ ఒకదానికి ఇంటినుంచే పని చేస్తుంది. వాళ్ళు ఈ ఫ్లాటుకు మారినప్పుడు ఈమె ఆధార్ మీద అత్తవారి ఊరు, పక్కన పాత జిల్లా. కరెంటు బిల్లు ఓనరు పేర. ఆయనేమో బెంగుళూరులో. అద్దె ఒప్పందం నోటిమాట. పది రోజుల్లో ఇంట్లో లైను ఉండాలి, లేదంటే హైదరాబాదు వచ్చి ఆఫీసులో కూర్చోమన్నారు కంపెనీవాళ్ళు. పిల్లల్ని ఎవరికి అప్పగించి వెళుతుంది? తొమ్మిదో రోజున ఓనరు సంతకం చేసిన కాగితం వచ్చింది కాబట్టి సరిపోయింది. ఉద్యోగం నిలబడిందిగానీ ఆ తొమ్మిది రోజుల జీతం పోయింది.

ఆమెకు చదువు ఉంది, ఉద్యోగం ఉంది, నెలనెలా అద్దె కట్టేదీ ఆమే. లేనిదల్లా ఆ ఇంట్లో ఆమె ఉంటోందని చెప్పే ఒక్క కాగితం ముక్క.

చట్టం ఈ విషయంలో మనకంటే ముందే ఉంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ కార్డు విషయంలో ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడవాళ్ళలో పెద్దావిడే కుటుంబ పెద్ద. 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలుపెట్టిన ఇళ్ళ పట్టాల పంపిణీలోనూ పట్టా ఇంటి ఆడమనిషి పేరే. అంటే పేదింటి ఇల్లాలికి జాగా కాగితం మీద పేరుంది. ఫ్లాట్లు కొనుక్కున్న మధ్యతరగతి ఇళ్ళల్లోనే దస్తావేజు దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా మగవాళ్ళ పేర్లు! "ఎవరి పేర ఉంటే ఏముందిలే" అనుకుంటూ వచ్చాం. ఏముందో తీగ చుట్ట భుజాన వేసుకుని కుర్రాడు వెనక్కి వెళ్ళినప్పుడు తెలుస్తుంది. అంతకంటే పెద్ద అవసరం వచ్చినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

మరి మన చేతిలో ఏముంది? చాలానే ఉంది.

ఆధార్‌లో చిరునామా మార్చుకోవడానికి సొంత పేర కాగితం లేనివాళ్ళ కోసం 2023 జనవరిలో ఒక వెసులుబాటు ఇచ్చారు. కుటుంబ పెద్ద అనుమతితో ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చు. బంధుత్వం తెలిపే రేషన్ కార్డో, పెళ్ళి సర్టిఫికెట్టో పెడితే చాలు. అవీ లేకపోతే పెద్ద రాసిచ్చే స్వీయ ప్రకటన సరిపోతుంది. ఆ పెద్ద తన ఫోనుకు వచ్చిన అభ్యర్థనను ముప్పై రోజుల్లోపు ఒప్పుకోవాలి. ఇందులో మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. పద్దెనిమిదేళ్ళు నిండిన వారెవరైనా సరే కుటుంబ పెద్దగా ఉండవచ్చు. తల్లికి కూతురు ఉండవచ్చు.

అద్దెకుండేవాళ్ళు ఒప్పందం కాగితం మీద రాయించుకోండి. అందులో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని అడగండి. కొత్తగా పెట్టించుకునే ఇంటర్నెట్టు మీ పేరనే తీసుకోండి. బ్రాడ్‌బ్యాండ్ బిల్లును చాలాచోట్ల చిరునామాకు రుజువుగా తీసుకుంటారు. అంటే కాగితం లేక ఆగిపోయిన కనెక్షనే రేపు మీకు కాగితమవుతుంది!

తపాలా శాఖ 2025 మే నెలలో డిజిపిన్ అని ఒకటి తెచ్చింది. దేశాన్నంతా సుమారు నాలుగు మీటర్ల గళ్ళుగా విడగొట్టి, ప్రతి గడికీ పది అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు ఇచ్చింది. వీధి పేరుతో పనిలేకుండా చోటు దొరుకుతుంది. గేటు ఒక వీధిలో, నంబరు ఇంకో వీధిలో ఉన్న మా బోటివాళ్ళకు మంచిదే. అయితే అది చోటునే చెబుతుంది, ఆ చోట్లో ఎవరున్నారో చెప్పదు. కింది ఫ్లాటుకూ దాని నెత్తిన అయిదో అంతస్తులో ఉన్న ఫ్లాటుకూ గుర్తు ఒకటే. కాబట్టి ఫ్లాటు నంబరు రాయక తప్పదు.

మున్సిపాలిటీవారినీ ఒకమాట అడగాలి. పాత నంబరు, కొత్త నంబరు, వీధి పేరు కలిపి ప్రతి అపార్ట్‌మెంటు గేటుకూ బోర్డు ఉండేలా చూడడం అంత బరువా? అసోసియేషన్లు కూడా ఒకే కంపెనీ తీగను రానిచ్చి మిగతావాళ్ళను గేటు దగ్గరే ఆపేయడం మానాలి. భవనాల్లో ఇంటర్నెట్ సదుపాయం ఎలా ఉందో రేటింగు ఇచ్చే నిబంధనలను ట్రాయ్ 2024 అక్టోబరులో తెచ్చింది. ఫ్లాటు కొనేటప్పుడు మంచినీళ్ళు, లిఫ్టు సంగతి అడిగినట్టే దీని సంగతీ బిల్డరును అడగండి.

కోనసీమలో మోరి అని అంతర్వేది దగ్గర ఒక పల్లె ఉంది. 2016 డిసెంబరులోనే అక్కడ ఫైబర్ తీగ ఇళ్ళకు చేరింది. ఏడాది తర్వాత, 2017 డిసెంబరు 27న, అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. పల్లెటూళ్ళో కేబుల్ కుర్రాడికి డోర్ నంబరుతో పనేముంది? ఇంటిపేరు చెబితే చాలు, "ఆయ్, రామాలయం పక్కనేనండి" అంటాడు. అక్కడ ఇల్లాలిని ఊరంతా ఎరుగుదురు. పట్నంలో మనల్ని కాగితాలే ఎరగాలి.

అందుకే ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న బిల్లులు, రసీదులు, కార్డులు అన్నీ ఒకచోట పరచండి. అడ్రసు అన్నిటి మీదా ఒకేలా ఉందా? వాటిలో ఎన్నింటి మీద మీ పేరుంది? ఒక్కదాని మీదా లేకపోతే, ముందుగా దేని మీద రాయించాలో ఇంట్లో అందరూ ఉన్నప్పుడే తేల్చుకోండి.