పులుసు మాన్పించకండి, పచ్చి చేప పెట్టకండి



"పాపకు ఊరికే కడుపునొప్పి వస్తోంది మేడమ్, చేపలు మాన్పించేశాం. వాటిలో పురుగులుంటాయట కదా!" పేరెంట్స్ మీటింగుల్లో ఇలాంటి మాటలు వినిపిస్తుంటాయి. కొన్ని చేపల్లో పురుగులుండే మాట నిజమే. కానీ తప్పు చేపది కాదు, వండకుండా తినడానిది.

సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే సన్నని పురుగు లార్వా ఉండవచ్చు. పచ్చి చేపతో పాటు కడుపులోకి వెళ్తే అది జీర్ణాశయం గోడలోకో, పేగు గోడలోకో చొచ్చుకుపోయి వాపు తెస్తుంది. ఆ నొప్పిని చూసి డాక్టర్లు కూడా ఒక్కోసారి అపెండిసైటిస్ అనో, క్రోన్స్ వ్యాధి అనో అనుమానిస్తారు. లక్షణాలు కలిసినంత మాత్రాన జబ్బు ఒకటే కాదు. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ ఏళ్ల తరబడి వేధించే పేగు వాపు జబ్బులు. వాటికి చేప పురుగే కారణమని రుజువు కాలేదు.

మనం ఇష్టంగా తినే కొరమీను జాతి చేపల్లోనూ నాథోస్టోమా అనే పురుగు ఉండవచ్చు. అయితే చేప ముక్క లోపలి దాకా 63 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే చాలు, ఈ పురుగులు చస్తాయి. కుతకుత ఉడికే మన పులుసులో అవి బతకవు. నిమ్మరసం, వెనిగర్ మాత్రం వాటిని చంపుతాయన్న నమ్మకం లేదు. కాబట్టి పిల్లలకు పచ్చి చేపతో చేసే సుషీ వద్దు. మృగశిర కార్తెకు నాంపల్లిలో ఇచ్చే చేప ప్రసాదంపై ఎందరికో నమ్మకం ఉంది. దాన్ని గౌరవిస్తూనే చెబుతున్నాను, బతికున్న చేపపిల్లను పిల్లలతో మింగించకండి. ఇన్‌హేలర్ అసలు ఆపకండి.

ఇంకో మాట. నులిపురుగుల దినోత్సవం నాడు బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మట్టి ద్వారా సోకే పురుగుల కోసం. కడుపునొప్పి వచ్చినప్పుడల్లా మెడికల్ షాపులో అదే మాత్ర కొనివ్వడం వైద్యం కాదు. వారాల తరబడి విరేచనాలు, మలంలో రక్తం, బరువు తగ్గడం, ఎత్తు పెరగకపోవడం కనిపిస్తే వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి. ఆలస్యమైతే పిల్లల ఎదుగుదలే దెబ్బతింటుంది.

ఉస్మానియా క్యాంపస్ పక్కనే, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మన చేపల్లో ఏ పోషకం ఎంతుందో 2017లో అది విడుదల చేసిన ఆహార పట్టికల్లో చూడవచ్చు. పుకారు విని పళ్లెంలోంచి చేప తీసేసే ముందు ఒకసారి వాటిని తిరగేయండి.