చేతిలో కంట్రోలర్... లోపల ఏముంది?

రెజ్యూమెలో ‘హాబీలు’ అన్న చోట చాలామంది పుస్తక పఠనం, క్రికెట్ అని రాసేస్తారు. రాత్రి రెండింటి దాకా ఆడే వీడియో గేమ్‌ను మాత్రం దాచేస్తారు. రాస్తే ఇంటర్వ్యూలో ‘టైంపాస్ బ్యాచ్’ అనుకుంటారేమోనని భయం. దాచక్కర్లేదు. కాకపోతే రాసే ముందు, రోజూ చేత్తో పట్టుకునే ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో చెప్పగలగాలి. ఈసీఈ, ఈఈఈ వాళ్లయితే మరీనూ.

సోనీ 2023 జనవరిలో తెచ్చిన డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్‌నే తీసుకోండి. అమెరికాలో ధర దాదాపు 200 డాలర్లు. మామూలు డ్యూయల్‌సెన్స్ అప్పట్లో 70 డాలర్లే. మిగతా 130 దేనికి? వెనక రెండు అదనపు బటన్లు, ట్రిగర్ ఎంత లోతుకు నొక్కాలో మార్చుకునే వీలు, ఒక్కో గేమ్‌కు ఒక్కో ప్రొఫైల్... ఇవన్నీ అట్టపెట్టె మీద చదివి అప్పజెప్పొచ్చు. అసలు సంగతి స్టిక్ దగ్గరుంది.

స్టిక్ కదలికను పట్టేది పొటెన్షియోమీటర్. మన ల్యాబ్‌లో తిప్పే ‘పాట్’ లాంటిదే. లోపల రెసిస్టివ్ పొర మీద ఓ కాంటాక్ట్ రాసుకుంటూ కదులుతుంది. వాడగా వాడగా అరుగుతుంది. అప్పుడు వేలు తీసేసినా తెర మీద బొమ్మ దానంతటదే నడుస్తుంది. ఆటగాళ్లు తిట్టుకునే ‘డ్రిఫ్ట్’ ఇదే. ఎడ్జ్‌లో స్టిక్ మాడ్యూల్‌నే ఊడదీసి, 20 డాలర్లకు కొత్తది కొని పెట్టుకోవచ్చు. కొన్ని ఇతర కంపెనీలు అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ సెన్సర్లు పెట్టాయి. వాటిలో సెన్సర్ దగ్గర రాపిడే ఉండదు. అరిగేదాన్ని మార్చుకునేలా చేయడమా, అరగనిదాన్నే పెట్టడమా? మీరైతే ఏది ఎంచుకుంటారు, ఎందుకు? ఇలాంటి ప్రశ్నకు సొంతంగా జవాబు చెప్పే అభ్యర్థి, రెడీమేడ్ ప్రాజెక్టు కొని తెచ్చినవాడి కంటే ఎన్నో మెట్లు పైనుంటాడు.

కనెక్టివిటీ కూడా అంతే. ఎడ్జ్‌ను బ్లూటూత్‌తోనైనా, యూఎస్‌బీ కేబుల్‌తోనైనా కలపొచ్చు. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో. హాస్టల్ వైఫై రూటర్లు చాలావరకు అదే బ్యాండ్‌ను వాడతాయి. ఛానెళ్లు మారుస్తూ గెంతడం బ్లూటూత్‌కు తెలిసినా, రద్దీ పెరిగితే తడబాటు తప్పదు. సీరియస్‌గా ఆడేవాళ్లు కేబుల్‌కే ఓటేసేది అందుకే. పోటీ మధ్యలో అది ఊడిపోకుండా ఎడ్జ్‌తో పాటు చిన్న లాక్ కూడా ఇచ్చారు. మైక్రోసాఫ్ట్ 2019లో తెచ్చిన ఎలైట్ సిరీస్ 2లో ఈ రెండింటికి తోడు కంపెనీ సొంత వైర్‌లెస్ కూడా ఉంది. ఒకసారి చార్జి చేస్తే 40 గంటల దాకా వస్తుందంటారు. ఎడ్జ్ బ్యాటరీ మాత్రం మామూలు డ్యూయల్‌సెన్స్ కంటే చిన్నది. ధర మూడింతలు, బ్యాటరీ తక్కువ! లోపల దేనికి చోటిచ్చి దేన్ని వదులుకున్నారో ఆలోచించండి.

ఇవి కొనమని చెప్పడం లేదు సుమా. ఫ్రెండ్ దగ్గర మూలన పడ్డ, డ్రిఫ్ట్ వచ్చిన పాత కంట్రోలర్ ఒకటి అడిగి తెచ్చుకోండి. స్క్రూలు విప్పి, ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేయండి. తర్వాత మల్టీమీటర్ పెట్టి, స్టిక్ కదిపే కొద్దీ రెసిస్టెన్స్ ఎలా మారుతోందో నోట్ చేసుకోండి.